చిత్తూరు సీమలో ‘ఇంటి నుంచి పని’: చారిత్రక నేపథ్యం, మౌలికాంశాలు

వ్యాస సంగ్రహం

2020 మార్చిలో దేశవ్యాప్త లాక్‌డౌన్ విధించిన తరువాత ‘వర్క్ ఫ్రమ్ హోమ్’ అనే మాట తెలుగు పల్లెల్లోనూ నిత్యవ్యవహారంలోకి వచ్చింది. కంప్యూటరుతో, అంతర్జాలంతో పుట్టిన కొత్త పద్ధతిగా దీనిని భావించడం పరిపాటి అయింది. అయితే కాణిపాకం మొదలుకొని నగరి, పుత్తూరు, నారాయణవనం, శ్రీకాళహస్తి వరకు విస్తరించిన పూర్వపు చిత్తూరు జిల్లాలో ఇల్లే పనిచోటుగా సాగిన వృత్తులకు సుదీర్ఘ చరిత్ర ఉంది. ఆ చరిత్రను ఆధారం చేసుకొని, ఇంటి నుంచి చేసే పనికి ఉండవలసిన మౌలికాంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. పనిచోటు ఇంటికి మారినప్పుడు దాని ఖర్చు ఎవరిపై పడుతుంది, పనిచేసే వ్యక్తిని సమాజమూ చట్టమూ ఏ మేరకు గుర్తిస్తాయి అనేవి ఇందులోని ప్రధాన ప్రశ్నలు.

కీలక పదాలు: ఇంటి నుంచి పని, కాణిపాకం, చేనేత, కలంకారీ, మగ్గం పన్ను, గృహ ఆధారిత కార్మికులు, కార్మిక చట్టాలు.

1. ప్రవేశిక

కాణిపాకం చిత్తూరు పట్టణానికి సుమారు 11 కిలోమీటర్ల దూరంలో, ఐరాల మండలంలో, బాహుదా నది ఒడ్డున ఉన్న గ్రామం. వరసిద్ధి వినాయక స్వామి ఆలయం వల్ల ఈ గ్రామం దక్షిణ భారతమంతటా ప్రసిద్ధి పొందింది. ఒకవైపు చెన్నై, మరొకవైపు బెంగళూరు ఉండటం వల్ల ఈ ప్రాంతపు యువత ఉద్యోగాల కోసం ఆ రెండు నగరాలకూ వెళ్లడం చాలాకాలంగా ఉన్నదే. 2020లో ఈ ప్రయాణం తాత్కాలికంగా తలకిందులైంది. మనుషులు ఊళ్లకు తిరిగివచ్చారు, ఉద్యోగం వారి వెంట వచ్చింది.

ఈ పరిణామాన్ని చర్చించే ముందు ఒక పదాన్ని పరిశీలించాలి. తెలుగులో ‘ఇంటిపని’ అంటే వంట, ఊడ్చడం, నీళ్లు తేవడం, పిల్లలనూ వృద్ధులనూ చూసుకోవడం. దానికి కూలి లేదు. దానిని చేసేది ఎక్కువగా స్త్రీలు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో నిర్వహించిన కాల వినియోగ సర్వే ప్రకారం, వేతనం లేని ఇంటిపనిలో పాల్గొనే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. అందువల్ల వేతనం వచ్చే పనిని సూచించడానికి ‘ఇంటిపని’ అనే మాట సరిపోలేదు; ‘ఇంటి నుంచి పని’ అనే కొత్త పదబంధం అవసరమైంది. ఇంట్లో జరిగే శ్రమకు విలువ కట్టని అలవాటు భాషలోనే నిలిచి ఉంది. ఈ అలవాటు వేతనం వచ్చే పనిని కూడా ఎలా ప్రభావితం చేసిందో ముందు విభాగాలలో చూడవచ్చు.

2. కాణి: భూమి, కుటుంబం, శ్రమ

కాణిపాకం పేరుకు స్థానికంగా ప్రచారంలో ఉన్న వివరణ ప్రకారం ‘కాణి’ అంటే పావు ఎకరం మాగాణి, ‘పారకం’ అంటే నీరు పారడం. స్థలపురాణంలో ముగ్గురు అన్నదమ్ములు ఈ కాణి భూమిని సాగు చేసుకుంటూ జీవించారు. వారిలో ఒకరికి చూపు లేదు, ఒకరికి మాట లేదు, ఒకరికి వినికిడి లేదు. ముగ్గురూ కలిసి ఏతంతో బావి నీరు తోడి పొలానికి పెట్టేవారు. నీరు ఎండిపోయి బావిని లోతు చేస్తుండగా స్వామి విగ్రహం బయటపడిందని కథ. తొలి ఆలయాన్ని మొదటి కులోత్తుంగ చోళుడు కట్టించాడని ఆలయ సంప్రదాయం చెబుతుంది.

స్థలపురాణాన్ని చారిత్రక సంఘటనగా స్వీకరించనవసరం లేదు. అయినా శ్రమను గురించి ఆ సమాజం ఎలా ఊహించుకున్నదో అది తెలియజేస్తుంది. ఇక్కడ పనికి ప్రమాణం ఒంటరి వ్యక్తి కాడు, కుటుంబం. ఒకరి సామర్థ్యం మరొకరి లోటును పూరిస్తుంది. పొలం, బావి, ఇల్లు ఒకే జీవనావరణంలోని భాగాలు. పనికి వెళ్లడం, ఇంటికి రావడం అనే విభజన ఈ కథలో కనిపించదు.

చోళ కాలపు తమిళ శాసనాలలో ‘కాణి’ అనే పదం వంశపారంపర్యంగా అనుభవించే భూమి హక్కును సూచిస్తుంది. పనిచేసే చోటుపై పనిచేసే కుటుంబానికి పేరున్న హక్కు ఉండటం ఇందులోని విశేషం. తరువాతి కాలంలో ఇంట్లో కూర్చొని ఇతరుల కోసం పనిచేసిన వారికి ఇటువంటి పేరున్న హక్కు లభించలేదు. ఇల్లు వారిదే అయినా, పనిపై హక్కు మరొకరిది అయింది. నేతపని చరిత్రలో ఈ మార్పు స్పష్టంగా గోచరిస్తుంది.

3. మగ్గాన్ని లెక్కించిన రాజ్యం

చిత్తూరు సీమలో నగరి, పుత్తూరు, నారాయణవనం ప్రాంతాలు నేతపనికి ప్రసిద్ధమైనవి. గుంటమగ్గం నేతగాని ఇంట్లోనే ఉంటుంది. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి కూర్చొని, నాడెను ఒక చేతి నుంచి మరొక చేతికి విసురుతూ నేస్తారు. మగ్గం మీద కూర్చునేది ఒకరే అయినా, పని ఒకరితో సాగదు. నూలుకు గంజి పెట్టడం, కండెలు చుట్టడం, ఆసు పోయడం, పడుగు సరిచేయడం వంటి పనులలో ఇంటిల్లిపాదీ పాల్గొనాలి. వానాకాలంలో గుంటలోకి నీరు ఊరితే మగ్గం ఆగిపోతుంది. ఆ రోజుల కూలి నష్టం నేత కుటుంబానిదే.

ఇంట్లో ఉన్న ఈ మగ్గాన్ని రాజ్యం ఏనాడూ విస్మరించలేదు. చోళ, విజయనగర కాలపు తమిళ శాసనాలలో ‘తఱి ఇఱై’ అనే మగ్గం పన్ను ప్రస్తావన ఉంది. 1801లో ఆర్కాటు నవాబు రాజ్యం ఈస్టిండియా కంపెనీ పాలన కిందికి వచ్చింది. మద్రాసు రాజధానిలో వృత్తులపైనా మగ్గాలపైనా ‘మొహతర్ఫా’ అనే పన్ను పందొమ్మిదో శతాబ్ది మధ్యభాగం వరకు కొనసాగింది. పన్ను వసూలు చేయవలసి వచ్చినప్పుడు ఏ ఇంట్లో ఎన్ని మగ్గాలున్నాయో ప్రభుత్వానికి తెలిసేది. ఇంటి లోపలి పనిని లెక్కించడం అసాధ్యమనే వాదన తరువాత కార్మిక రక్షణ సందర్భంలో తరచు వినిపించింది. పన్నుల చరిత్ర ఆ వాదనను సమర్థించదు.

నేతగానికీ వ్యాపారికీ మధ్య సంబంధం బయానాపై ఆధారపడేది. వ్యాపారి ముందుగా సొమ్ము ఇస్తే, నేతగాడు నిర్ణీత రకం వస్త్రాన్ని నేసి ఇచ్చేవాడు. పద్దెనిమిదో శతాబ్ది దక్షిణ భారత నేతపనిని అధ్యయనం చేసిన చరిత్రకారుడు ప్రసన్నన్ పార్థసారథి ఒక ముఖ్యమైన అంశాన్ని నిరూపించారు. కంపెనీ ఆధిపత్యానికి పూర్వం నేతగాళ్లకు బేరమాడే శక్తి గణనీయంగా ఉండేది. బయానా తిరిగి ఇచ్చి ఒప్పందం నుంచి తప్పుకొనే అవకాశం వారికి ఉండేది. కంపెనీ తన రాజకీయాధికారాన్ని ఉపయోగించి ఈ స్వేచ్ఛను హరించింది. నేతగాడు అప్పుడూ పనిచేసింది తన ఇంట్లోనే. పనిచోటు మారలేదు, ఆ పనిని నియంత్రించే అధికారం చేతులు మారింది. ఇంటి నుంచి పనిచేయడం తనంతట తానుగా స్వేచ్ఛను ఇవ్వదని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడింది. 1953 వరకు అది మద్రాసు రాష్ట్రంలో భాగం. 1935లో మద్రాసు చేనేతకారుల రాష్ట్ర సహకార సంఘం ఏర్పడటం ఈ కాలపు ముఖ్య పరిణామం. విడివిడి ఇళ్లలో ఉన్న నేతగాళ్లను నూలు సరఫరా, అమ్మకం విషయాలలో ఒకటి చేయడం సహకారోద్యమ లక్ష్యం. ఆంధ్రప్రదేశ్‌లో ఆ బాధ్యతను 1976లో ఏర్పడిన ఆప్కో నిర్వహించింది. సహకార సంఘానికి వెలుపల మాస్టర్ వీవర్ల పద్ధతి కొనసాగింది. నూలూ నమూనా మాస్టర్ వీవర్ ఇస్తాడు. మగ్గమున్న చోటు, దీపం, ఇంటివారి సాయం నేతగానివి. కూలి చీరకు ఇంతని కడతారు. కండె చుట్టిన చేతులకు ఆ కూలిలో వేరే లెక్క ఉండదు. నగరి, పుత్తూరు ప్రాంతాల్లో మరమగ్గాలు వచ్చిన తరువాత కరెంటు బిల్లు కూడా ఇంటి ఖర్చులో చేరింది.

4. శ్రీకాళహస్తి కలంకారీ: ఇల్లు, నది

ఇంటి నుంచి చేసే పనికి ఇల్లు ఒక్కటే చాలదని శ్రీకాళహస్తి కలంకారీ నిరూపిస్తుంది. వెదురుపుల్లకు నూలుగానీ ఉన్నిగానీ చుట్టి చేసిన కలంతో వస్త్రంపై చేతితో బొమ్మలు గీయడం ఈ సంప్రదాయ లక్షణం. వస్త్రాన్ని ముందుగా కరక్కాయ రసం, పాలు కలిపిన ద్రవంలో తడిపి ఆరబెడతారు. కాల్చిన చింతబరికెతో రేఖలు గీస్తారు. ఇనుప ముక్కలు, బెల్లం నానవేసి తయారుచేసిన కసిమితో నలుపు రేఖలు దిద్దుతారు. ఎరుపు రంగు పట్టడానికి పటిక అవసరం. ఈ పనులన్నీ ఇంట్లో లేదా ఇంటి పంచన చేయవచ్చు.

అయితే దశదశకూ వస్త్రాన్ని పారే నీటిలో ఉతకాలి, ఎండలో ఆరబెట్టాలి. ఆ నీరు స్వర్ణముఖి నదిది. నదిలో నీరు తగ్గితే, పాడైతే, ఇంట్లో ఉన్న నైపుణ్యం ఎంతటిదైనా పని కుంటుపడుతుంది. ఇంట్లో పనిచేసే ప్రతి వృత్తికీ ఇంటి గడప బయట ఉమ్మడి వనరు ఒకటి ఉంటుంది. కలంకారీకి అది నది. మరమగ్గానికి విద్యుత్తు. ఇరవై ఒకటో శతాబ్ది ఉద్యోగికి అంతర్జాల తీగ. ఉమ్మడి వనరును కాపాడే బాధ్యతను ఒంటరి కుటుంబంపై వేయడం సాధ్యం కాదు.

క్షీణదశలో ఉన్న ఈ కళకు స్వాతంత్ర్యానంతరం కమలాదేవి ఛటోపాధ్యాయ వంటివారి కృషితో శిక్షణ కేంద్రం ఏర్పడింది. ఆ కేంద్రంలో నేర్చినవారు తిరిగి తమ ఇళ్లలో పని ప్రారంభించి, ఇతరులకు నేర్పారు. జొన్నలగడ్డ గుర్రప్ప చెట్టికి 2008లో పద్మశ్రీ లభించింది. ఇంటి నుంచి సాగే పని నిలదొక్కుకోవడానికి, నేర్చుకొనే ఉమ్మడి స్థలం ఒకటి అవసరమని దీనివల్ల తెలుస్తుంది.

5. చట్టం దృష్టిలో ఇల్లు

మన దేశంలో తొలి ఫ్యాక్టరీ చట్టం 1881లో వచ్చింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం విద్యుచ్ఛక్తితో నడిచే చోట 10 మంది, లేనిచోట 20 మంది కార్మికులు ఉంటేనే ఫ్యాక్టరీగా పరిగణించింది. పని గంటలు, వెలుతురు, గాలి, భద్రత వంటి నియమాలన్నీ ఆ ప్రాంగణానికే పరిమితం. మగ్గమున్న ఇల్లు దాని పరిధిలోకి రాలేదు.

ఈ లోటును కొంతవరకు పూరించిన చట్టం 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం. ఇంటి వద్ద బీడీలు చుట్టేవారిని కూడా ఉద్యోగుల నిర్వచనంలో అది చేర్చింది. ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ వ్యాజ్యంలో 1973లో వెలువడిన తీర్పు మరో మైలురాయి. అందులోని దర్జీలు కుట్టిన దుస్తుల సంఖ్యనుబట్టి కూలి పొందేవారు. కొందరు గుడ్డను ఇంటికి తీసుకువెళ్లి కుట్టేవారు. పనిని పరిశీలించి, బాగోలేదని తిరస్కరించే అధికారం యజమానికి ఉన్నప్పుడు, కూలి విడి లెక్కన ఇచ్చినంత మాత్రాన ఉద్యోగ సంబంధం తొలగిపోదని న్యాయస్థానం భావించింది. ఇంటి వద్ద బీడీలు చుట్టేవారికి భవిష్యనిధి వర్తిస్తుందని 1985లో మరో తీర్పు వచ్చింది.

అంతర్జాతీయంగా 1996 జూన్‌లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ గృహపనిపై 177వ ఒప్పందాన్ని ఆమోదించింది. పరికరాలు ఎవరివైనా సరే, యజమాని నిర్దేశించిన వస్తువునో సేవనో ఇంటి వద్ద వేతనానికి తయారుచేసే వ్యక్తి గృహ కార్మికుడని అది నిర్వచించింది. మన దేశంలో 2008 నాటి అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతా చట్టం, 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి ‘గృహ ఆధారిత కార్మికుల’ను నిర్వచించాయి. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం, పని స్వభావం అనుమతిస్తే, సెలవు ముగిసిన తరువాత పరస్పర అంగీకారంతో ఇంటి నుంచి పనిచేసే వెసులుబాటును పేర్కొంది. మగ్గానికీ బీడీకీ చెందిన ప్రశ్న ఈ విధంగా కార్యాలయ ఉద్యోగంలోకి ప్రవేశించింది.

6. తీగ మీదుగా వచ్చిన పని

కార్యాలయానికి మనిషి వెళ్లే బదులు పనినే మనిషి వద్దకు పంపాలనే ఆలోచనకు అమెరికాలో జాక్ నిల్స్ 1973లో రూపకల్పన చేశారు. నగర ప్రయాణాల భారాన్ని తగ్గించడం ఆయన ఉద్దేశం. భారతదేశంలో చాలాకాలం టెలికాం నిబంధనలు దీనికి అవరోధంగా ఉండేవి. కాల్ సెంటర్ల వంటి సంస్థలు ఇంటి నుంచి పనిచేయించాలంటే డిపాజిట్, ఒప్పందం వంటి షరతులు పాటించవలసి వచ్చేది. 2020 మార్చి 13న కేంద్ర టెలికాం శాఖ వాటిని తాత్కాలికంగా సడలించింది. అదే ఏడాది నవంబరు 5న కొత్త మార్గదర్శకాలు విడుదల చేసింది. 2022 జూలైలో ప్రత్యేక ఆర్థిక మండళ్ల నియమాలలోనూ ఇంటి నుంచి పనికి చోటు కల్పించారు.

2020 మార్చి 25న ప్రారంభమైన లాక్‌డౌన్ చిత్తూరు సీమలో మూడు రకాల శ్రమజీవులను మూడు విధాలుగా తాకింది. కాణిపాకంలో రాష్ట్రంలోని ఇతర ఆలయాల మాదిరిగానే దర్శనాలు నిలిచిపోయాయి. భక్తుల రాకపై ఆధారపడిన పూలు, కొబ్బరికాయల దుకాణాలు, హోటళ్లు, వాహనాల వారికి ఇంటి నుంచి చేయడానికి పని లేదు. నేతగాడు యథాప్రకారం ఇంట్లోనే ఉన్నాడు, మగ్గం ఎదుటే ఉంది. నూలు రాక, సరుకు అమ్ముడుపోక పని ఆగింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి మాత్రం ఊరికి వచ్చి, మేడమీది గదిలో కూర్చొని జీతం పొందగలిగాడు. ఒకే సీమలో, ఒకే నెలలో కనిపించిన ఈ తేడాకు కారణం ఇల్లు కాదు. ఇంటి బయటి మార్కెట్టు, తీగ, ఉద్యోగ ఒప్పందం ఎవరికి అందుబాటులో ఉన్నాయన్నదే అసలు కారణం.

రాష్ట్రంలో 2017 డిసెంబరు 27న ఫైబర్ గ్రిడ్ లాంఛనంగా ప్రారంభమైంది. నెలకు 149 రూపాయల ప్యాకేజీ అప్పట్లో ప్రకటించారు. 2021లో సొంత ఊరికి దగ్గరలో పనిచేసే సదుపాయాల ఆలోచనను, 2025 ఫిబ్రవరిలో ముఖ్యంగా మహిళలకు ఇంటి నుంచి పని అవకాశాలను విస్తరించే ఉద్దేశాన్ని ప్రభుత్వాలు ప్రకటించాయి. చేనేత రంగంలో 2019 డిసెంబరులో మొదలైన నేతన్న నేస్తం పథకం ఏడాదికి 24,000 రూపాయల సాయం ప్రకటించింది. సొంత మగ్గం ఉండటం దానికి అర్హత. ఇతరుల మగ్గంపై నేసేవారు, కండెలు చుట్టేవారు ఆ అర్హత పరిధిలోకి రాలేదు. ఇంటి పనిచోటును గుర్తించేటప్పుడు పరికరాన్ని లెక్కిస్తారా, మనిషిని లెక్కిస్తారా అనే పాత ప్రశ్న ఇక్కడ మళ్లీ ఎదురవుతుంది.

7. ఇంటి నుంచి పని: మౌలికాంశాలు

పై చరిత్ర నుంచి ఐదు మౌలికాంశాలను నిర్ధారించవచ్చు.

7.1. చోటు: నేత ఇంట్లో మగ్గానికి గుంట కేటాయించి, మిగిలిన జీవితాన్ని దాని చుట్టూ అమర్చుకొన్నారు. కంప్యూటరుతో పనిచేసేవారికీ వెలుతురు, గాలి, తగిన కుర్చీ బల్ల ఉన్న స్థిరమైన చోటు అవసరం. అది చిన్న ఇళ్లలో ఇతరుల చోటును తగ్గించి ఏర్పరచుకొన్నదే. దానిని ఉచితమని భావించరాదు.

7.2. కాలం: విడి లెక్కన కూలి ఉన్నచోట పనిదినానికి హద్దు ఉండదు. జీతగాని ఫోను రాత్రి మోగినా అదే స్థితి. ఫ్రాన్స్‌లో పని వేళల తరువాత సందేశాలకు దూరంగా ఉండే హక్కు 2017 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. పని ప్రారంభం, ముగింపు ముందే నిర్ణయించుకోవడం, వాటిని ఇంటివారికీ సంస్థకూ తెలియజేయడం ప్రాథమిక నియమం.

7.3. ఖర్చు: చోటు, కరెంటు, తీగ, పరికరాల మరమ్మతు ఎవరి భారమో ఒప్పందంలో స్పష్టంగా ఉండాలి. పోర్చుగల్ 2021లో చేసిన చట్టం దూరపనివల్ల పెరిగిన ఖర్చులను యజమాని చెల్లించాలని నిర్దేశించింది. బయానా పద్ధతి నుంచి మాస్టర్ వీవర్ పద్ధతి వరకు ఈ అంశం అస్పష్టంగా ఉన్నంతకాలం నష్టం ఇంటివారికే మిగిలింది.

7.4. ఉమ్మడి వనరు: కలంకారీకి స్వర్ణముఖి ఎంతో, నేటి పనికి నిరంతర విద్యుత్తు, అంతర్జాలం అంత. ఊరిలో పదిమంది కలిసి కూర్చొని పనిచేయగల ఉమ్మడి గది కూడా ఈ కోవలోనిదే. తోటివారి నుంచి నేర్చుకొనే అవకాశం ఒంటరి గదిలో దొరకదు.

7.5. గుర్తింపు: ఇంటి నుంచి పనిచేసే వ్యక్తి పేరు హాజరు పట్టికలో, భవిష్యనిధిలో, పదోన్నతి జాబితాలో ఉండాలి. కండె చుట్టిన స్త్రీ చీర ధరలో కనిపించనట్లే, ఇంటి నుంచి పనిచేసే స్త్రీ ఉద్యోగం ‘ఎలాగూ ఇంట్లోనే ఉంది’ అనే మాటలో కనిపించకుండా పోయే ప్రమాదం ఉంది. ఇంట్లో రెండు పనులూ ఆమెపైనే పడితే, ఇంటి నుంచి పని వెసులుబాటు కాక రెట్టింపు శ్రమ అవుతుంది.

8. ముగింపు

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021 జనవరిలో వెలువరించిన నివేదిక ప్రకారం, కరోనాకు ముందే 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 26 కోట్ల మంది ఇంటి నుంచి పనిచేస్తున్నారు. వారిలో 56 శాతం స్త్రీలు. వీరిలో అత్యధికులు కంప్యూటరు ముందు కూర్చున్నవారు కారు. నగరి మగ్గం, శ్రీకాళహస్తి కలం ఈ పెద్ద చరిత్రలో భాగాలు.

చిత్తూరు సీమ అనుభవం నుంచి మూడు విషయాలు రుజువవుతున్నాయి. మొదటిది, ఇంటి నుంచి పని ఇక్కడ కొత్తది కాదు. జీతం, తీగ, చట్టం దానికి కొత్తగా తోడయ్యాయి. రెండవది, పనిచోటు ఇంటికి మారిన ప్రతి సందర్భంలోనూ ఖర్చులో కొంత భాగం కుటుంబంపైకి, అందులోనూ స్త్రీలపైకి, జారింది. మూడవది, ఇంటి లోపలి పనిని లెక్కించడం ప్రభుత్వాలకు ఎన్నడూ అసాధ్యం కాలేదు. మగ్గం పన్ను కోసం ఇంటింటినీ లెక్కించిన వ్యవస్థ, కూలి కోసం, భద్రత కోసం కూడా లెక్కించగలదు.

కాణిపాకం కథలోని ముగ్గురు అన్నదమ్ములకు తమ కాణిపై పేరున్న హక్కు ఉంది, ఒకరికొకరి తోడు ఉంది, పక్కనే బావి ఉంది. ఈనాడు అదే ఊరిలో ఇంటి నుంచి పనిచేయదలచిన యువతికైనా, దివ్యాంగునికైనా కావలసినవి అవే: పనిపై గుర్తింపు, తోటివారి తోడు, ఎండిపోని ఉమ్మడి వనరు.